దారి పక్కన ధర్మచక్రం

*రెండువేల ఏళ్ల కిందట తూర్పు, పడమటి తీరాలను కలిపిన వర్తకుల బాట మీద సూర్యాపేట సీమ ఓ మజిలీ. ఆ బాటన నడిచినవాళ్ల కానుకలతో ఫణిగిరి గుట్ట మీద స్తూపం లేచింది. తర్వాత పిల్లలమర్రిలో శివుడికి గుడి వెలిసింది, వాడపల్లి సంగమంలో దీపం వెలిగింది. దారీ దానమూ కలిసి పుణ్యస్థలాలుగా మలిచిన నేల ఇది.*

2024 మార్చి నెలాఖరు. సూర్యాపేట జిల్లా నాగారం మండలం ఫణిగిరి గుట్ట మీద రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు సాగుతున్నాయి. రెండడుగుల లోతున ఓ గుండ్రటి మట్టికుండ బయటపడింది. ఎత్తు పదిహేను సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. మూతి మీద లోతు తక్కువ మట్టిపాత్ర ఒకటి బోర్లించి ఉంది. దాని కింద, కుండ లోపలి వైపు, పగిలిపోయిన గిన్నె అడుగుభాగాన్ని బిరడాలా అమర్చారు. అంత జాగ్రత్తగా మూసిపెట్టిన ఆ కుండ నిండా సీసపు నాణేలు. లెక్కపెడితే 3,730 తేలాయి. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు. మొత్తం ఎనిమిదిన్నర కిలోల పైచిలుకు బరువు. నాణేనికి ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. కృష్ణాతీరాన్ని విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు శాఖ తేల్చింది.

బంగారమో వెండో దొరికితే రాజు ఇచ్చాడనో, పెద్ద సెట్టి మొక్కు తీర్చుకున్నాడనో అనుకోవచ్చు. సీసపు నాణెం మాత్రం అంగట్లో చేతులు మారే చిల్లర. ఉప్పుకూ పప్పుకూ కుండకూ గుడ్డకూ చెల్లించే డబ్బు. భిక్షువు తన చేత్తో డబ్బు ముట్టకూడదన్నది బౌద్ధ సంఘం నియమం. అలాంటి భిక్షువులుండే గుట్ట మీద ఇంత చిల్లర పోగుపడిందంటే, ఆ విహారం చుట్టూ కొనుగోళ్లూ అమ్మకాలూ సాగేవని, వచ్చేపోయేవాళ్ల రద్దీ ఉండేదని అర్థమవుతుంది. ఆ గుంతల్లోనే రాతిపూసలు, గాజుపూసలు, ఇనుప మేకులు, పిల్లలు ఆడుకునే బొమ్మబండి చక్రం కూడా దొరికాయి. సన్యాసుల గుట్ట మీద బొమ్మబండి! ఎవరో తల్లీతండ్రీ బిడ్డను వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కి ఉంటారు.

హైదరాబాద్, విజయవాడల మధ్య కార్లలో దూసుకుపోయే మనం సూర్యాపేటను టీ తాగే చోటుగానూ, కోదాడను సరిహద్దుగానూ, మిర్యాలగూడను బియ్యం మిల్లుల ఊరుగానూ గుర్తుపెట్టుకున్నాం. ఈ మూడు పట్టణాల నడుమ ఉన్న నేల దేశంలోని పాత పుణ్యస్థలాల్లో ఒకటన్న సంగతి మన పాఠాల్లో లేదు, మాటల్లోనూ లేదు. ఆ కథ చెప్పుకోవాల్సిన సమయం వచ్చింది.

గుట్ట మీది ఊరు

సూర్యాపేట నుంచి జనగామ వైపు, అర్వపల్లి మీదుగా సుమారు నలభై కిలోమీటర్లు వెళితే ఫణిగిరి వస్తుంది. చుట్టూ చదును నేల, మధ్యలో పాము పడగ విప్పినట్టు లేచిన నల్లరాతి గుట్ట. ఆ పోలికతోనే గుట్టకు ఆ పేరు. కింద బిక్కేరు వాగు పారుతుంది. ఈ వాగు మూసీలో కలుస్తుంది, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నీటి జాడ పట్టుకుని నడిచినా, బండ్లబాట పట్టుకుని నడిచినా ఫణిగిరి నుంచి కృష్ణ ఒడ్డుకు చేరుకోవచ్చు. ఆ ఒడ్డున ఎగువకు వెళితే విజయపురి, దిగువకు వెళితే ధాన్యకటకం. ఒకటి ఇక్ష్వాకుల రాజధాని, మరొకటి అమరావతి మహాస్తూపం ఉన్న చోటు.

ఈ గుట్ట విలువను మొదట గుర్తించింది నిజాం కాలపు పురావస్తు శాఖ. 1941-44 మధ్య ఖాజా మహమ్మద్ అహ్మద్ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. బౌద్ధ ఆరామం ఆనవాళ్లు బయటపడ్డాయి. తర్వాత దాదాపు అరవై ఏళ్లు గుట్టను పట్టించుకున్నవాళ్లు లేరు. 2001లో మళ్లీ పార, తట్ట పట్టారు. 2007 దాకా ఒక విడత, 2010 నుంచి 2015 దాకా మరో విడత, 2018-19లో ఇంకో విడత తవ్వారు. ప్రతి విడతలోనూ గుట్ట కొత్త సంగతేదో చెప్పింది.

ఇప్పుడు గుట్టెక్కితే మొదట కళ్లబడేది మహాస్తూపం. దాని చుట్టూ చిన్నచిన్న మొక్కుబడి స్తూపాలు. వెనుక గోడ ఏనుగు వీపులా గుండ్రంగా ఉండే చైత్యగృహాలు, భిక్షువుల గదులు, సమావేశ మండపాలు, అంచెలంచెలుగా పైకి తీసుకెళ్లే మెట్లు. ఇరవై నాలుగు స్తంభాల మండపం ఒకటి. ఈ ఇటుక కట్టడాలన్నీ ఒక్కనాడు ఒక్కరు కట్టినవి కావు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నుంచి ఇక్ష్వాకుల కాలం దాకా, శాతవాహనులు పోయి కొత్త రాజులు వచ్చినా, తరం తర్వాత తరం పేర్చుకుంటూ పోయినవి. ఓ ధాతుపేటిక కూడా ఇక్కడ దొరికింది. పూజ్యుల అస్థికలో, వాళ్లు వాడిన వస్తువులో పెట్టి స్తూపం గర్భంలో దాచే పెట్టె అది. స్తూపానికి ప్రాణం ఆ పెట్టెలోనే ఉంటుందని బౌద్ధుల నమ్మకం. అందుకే భక్తుడు దాన్ని కుడివైపున ఉంచుకుని చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు.

గుట్టది గ్రానైటు. శిల్పాలకు వాడినది సున్నపురాయి. ఫణిగిరి పేరు ప్రపంచానికి తెలిసింది ఈ సున్నపురాయి తోరణం వల్లే. స్తూపం ప్రాకారానికి నిలిపిన ద్వారతోరణం దూలాలవి. రెండువైపులా చెక్కుడే. ఒకచోట రాకుమారుడు సిద్ధార్థుడు అర్ధరాత్రి గుర్రమెక్కి రాజభవనం విడిచి వెళుతుంటాడు. ఇంకోచోట అతడు తీసేసిన తలపాగాను దేవతలు పూజిస్తుంటారు. సాంచీ తోరణాలు మనకు పటాల్లో తెలుసు. అదే సంప్రదాయంలో, తెలుగు శిల్పి చేత్తో, మన జిల్లాలో తోరణం లేచిందని 2003 దాకా ఎవరూ ఊహించలేదు.

ఆ రాయి ఎక్కడిదన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఫణిగిరి చుట్టుపక్కల సున్నపురాయి లేదు. కృష్ణ ఒడ్డున హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టంపల్లి నుంచి పల్నాడు దాకా దాని పొరలు పరుచుకుని ఉన్నాయి. ఇవాళ కోదాడ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నది ఆ పొరల మీదే. ఆ జాతి రాతిని అప్పట్లో ఎడ్లబండ్లకెత్తి, వాగులూ వంకలూ దాటించి, గుట్ట మీదికి చేర్చారు. బుద్ధుడి పాదాలు చెక్కడానికి అన్ని ఆమడల దూరం నుంచి రాయి మోసుకొచ్చారంటే ఆ భక్తిని మాటల్లో కొలవలేం.

2019లో మరో అద్భుతం బయటపడింది. ఇటుకలతో ఆకారం కట్టి, పైన సున్నపు గార పూసి మలిచిన నిలువెత్తు బోధిసత్వుడి విగ్రహం. గార వానకు కరుగుతుంది, ఎండకు పెళుసుబారుతుంది. పదిహేడు వందల ఏళ్లు మట్టికింద ఉండటం వల్లే ఆ మాత్రం నిలిచింది. మన దేశంలో ఇంత పెద్ద గారబొమ్మ దొరకడం చాలా అరుదు.

రాజవైద్యుడి మొక్కు

ఫణిగిరి కథలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది ఓ శాసనం. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడు గద్దెనెక్కిన పద్దెనిమిదో ఏట చెక్కించింది. దాన్ని వేయించినవాడు రాజు కాదు, సేనాపతీ కాదు. రాజుగారి ప్రధాన వైద్యుడు. ఈ గుట్ట మీద ధర్మచక్రాన్ని నిలిపి, ఆ సంగతిని రాతి మీద పద్యంగా రాయించాడు.

ధర్మచక్రం అంటే బుద్ధుడు సారనాథ్‌లో చేసిన తొలి ఉపదేశానికి గుర్తు. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, దాన్ని పోగొట్టవచ్చు, పోగొట్టే మార్గం ఉంది అన్న నాలుగు సత్యాలే ఆ ఉపదేశం. రోగం, దాని మూలం, స్వస్థత, చికిత్స అన్న వరుసలోనే అదీ సాగుతుంది. అందుకే బౌద్ధ గ్రంథాలు బుద్ధుణ్ణి మహావైద్యుడిగా కొలిచాయి. ఒంటి జబ్బుకు మందిచ్చే వైద్యుడు మనసు జబ్బుకు మందు చెప్పినవాడి చక్రాన్ని నిలబెట్టాడు. ఇంతకు మించిన మొక్కు ఇంకేముంటుంది?

ఈ శాసనం చరిత్రకారులకూ పెద్ద కానుకే. ఇక్ష్వాకుల్లో చివరివాడైన రుద్రపురుషదత్తుడి గురించి అంతకుముందు తెలిసింది బహు తక్కువ. గురజాల శాసనం వల్ల పేరు, కొద్దిపాటి ఏలుబడి తెలిశాయి. అతడు కనీసం పద్దెనిమిదేళ్లు ఏలాడని, అతడి ఏలుబడి ఇటు సూర్యాపేట వైపూ చెల్లిందని చెప్పింది ఫణిగిరి రాయే. పీటర్ స్కిల్లింగ్, ఆస్కార్ ఫాన్ హిన్యూబర్ అనే బౌద్ధ పండితులు ఈ శాసనాన్ని చదివి ప్రపంచానికి పరిచయం చేశారు.

గుట్ట మీద దొరికిన చిన్నచిన్న బ్రాహ్మీ లిపి రాతలు కూడా ఇలాంటివే. ఒక్కో రాయి ఒక్కో పేరు చెబుతుంది. రాజు కట్టించిన గుడికి రాజు పేరే మిగులుతుంది. నలుగురూ చేయివేసి కట్టుకున్న గుడికి నలుగురి పేర్లూ మిగులుతాయి. ఫణిగిరి ఆ రెండో రకం గుడి.

ఎడారి నగరంతో చుట్టరికం

ఇంత సంపద ఈ కరువుసీమకు ఎక్కణ్ణుంచి వచ్చింది? దారి వెంట వచ్చింది. పడమటి తీరపు రేవుల నుంచి తేరు, కొండాపూర్‌ల మీదుగా తూర్పు తీరానికి వర్తకుల బాట ఉండేది. సరుకు బండ్లు, గాడిదల బిడారులు ఆ బాటన నడిచేవి. ఇవాళ పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి సుమారుగా ఆ పోకడలోనే సాగుతోంది. సూర్యాపేట, కోదాడ దాని మీదే ఉన్నాయి. నల్గొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోటే దొరికాయి. రోమన్ సామ్రాజ్యంలో ముద్రించిన డబ్బు మన చెలకల్లో పాతిపెట్టి ఉందంటే ఆ బాట ఎంత దూరం సాగిందో చూడండి.

ఆ బాటకు రెండో కొసన, సిరియా ఎడారి నడుమ, పామిరా అనే నగరం ఉండేది. చుట్టూ ఇసుక, మధ్యలో ఊట నీళ్లు, ఖర్జూర చెట్లు. ఒంటెల బిడారులు అక్కడ ఆగి నీళ్లు తాగి సాగేవి. ఆ వర్తకుల డబ్బుతోనే అక్కడ బేల్ దేవుడికి మహాలయం లేచింది. క్రీ.శ. 32లో ప్రతిష్ఠ. మన దగ్గర శాతవాహనులు ఏలుతున్న కాలం. పామిరా వర్తకులు ఓడలెక్కి మన దేశపు వాయవ్య తీరం దాకా వచ్చారని అక్కడి శాసనాలే చెబుతున్నాయి. మూడో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి ఆరీలియన్ ఆ నగరాన్ని పడగొట్టే నాటికి ఇక్కడ విజయపురి వెలిగిపోతోంది.

పామిరా వాళ్లు బేల్‌ను కొలిచారు, మనవాళ్లు బుద్ధుణ్ణి కొలిచారు. దేవుళ్లు వేరైనా పుణ్యస్థలం పుట్టిన తీరు ఒకటే. దారిలో దప్పిక ఉంటుంది, దొంగల భయం ఉంటుంది, ఇల్లు వదిలి వచ్చిన దిగులు ఉంటుంది. ఆగినచోట నీళ్లు, నీడ, ధైర్యం దొరికితే మనిషి మొక్కుకుంటాడు. క్షేమంగా తిరిగి వచ్చాక మొక్కు తీర్చుకుంటాడు. బౌద్ధ భిక్షువులు కూడా బాటసారులే. వానాకాలంలో మూడు నెలలు ఒకచోట ఉండి, తక్కిన కాలమంతా ఊళ్లు తిరుగుతూ ధర్మం చెప్పాలన్నది వాళ్ల క్రమం. వర్తకుడూ భిక్షువూ ఒకే బాటన నడిచారు. ఒకరు సరుకు మోశారు, ఒకరు మాట మోశారు. ఇద్దరూ కలిసిన మజిలీలే ఫణిగిరి, గాజులబండ, నేలకొండపల్లి.

పామిరా సంగతి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2015 ఆగస్టులో ఉగ్రవాదులు బేల్ ఆలయాన్ని పేల్చివేశారు. దానికి కొద్దిరోజుల ముందే, ఆ శిథిలాలను దశాబ్దాల పాటు కన్నబిడ్డల్లా చూసుకున్న పురావస్తు పండితుడు ఖాలిద్ అల్ అసాద్‌ను చంపేశారు. ఎనభై దాటిన వయసులోనూ ఆయన ఆ ఊరు విడిచి పోలేదు. రాళ్ల కోసం ప్రాణం ఇచ్చిన మనిషి ఆయన. మన గుట్టల మీద తుపాకులు లేవు, బాంబులు లేవు. కాపాడుకోవడానికి మనకు అడ్డేముంది?

నీళ్లకింద రాజధాని

ఫణిగిరిని అర్థం చేసుకోవాలంటే విజయపురిని తలచుకోవాలి. మనం నాగార్జునకొండ అంటున్నది ఆ నగరాన్నే. 1926లో రంగస్వామి సరస్వతి అనే పురావస్తు శాఖ ఉద్యోగి ఆ లోయలో శిథిలాలను గుర్తించారు. లాంగ్‌హర్స్ట్, ఆ తర్వాత టి.ఎన్.రామచంద్రన్ తవ్వించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునగడం అప్పటికే ఖాయమైంది. ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా గడువుతో పందెం వేసుకున్నట్టు లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి కొండ మీదికి చేర్చి మళ్లీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు జలాశయం నడుమ దీవి.

అక్కడి శాసనాలు ఓ వింత కుటుంబాన్ని చూపిస్తాయి. తొలి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, వేదమార్గాన్ని నమ్మినవాడు. అతడి చెల్లెలు శాంతిసిరి బౌద్ధ ఉపాసిక. మేనల్లుడు వీరపురుషదత్తుడు గద్దెనెక్కిన ఆరో ఏట మహాచైత్యాన్ని పూర్తి చేయించింది ఆమే. అన్నది యజ్ఞం, చెల్లెలిది స్తూపం. ఒకే ఇంట్లో రెండు దారులు. ఆ ఊళ్లోనే కార్తికేయుడికీ శివుడికీ విష్ణువుకూ గుళ్లు లేచాయి. బోధిసిరి అనే గృహిణి సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, తామ్రపర్ణి వంటి దేశాల పేర్లు చెక్కించింది. అక్కడి భిక్షువులు ధర్మం చాటిన దేశాలవి. కృష్ణ ఒడ్డున ఓ తెలుగు గృహిణి చెక్కించిన రాతి మీద అంత ప్రపంచం ఉంది.

1967లో కాల్వల్లోకి నీళ్లు వదిలారు. ఎడమ కాల్వకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. ఆ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ తాలూకాల చెలకలను తడిపాయి. జొన్న, ఆముదం పండిన నేలలు వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడలో వరుసగా మిల్లులు లేచాయి. మన కంచంలోని అన్నంలో ఆ రాజధాని చేసిన త్యాగం ఉంది. విజయపురి మునిగి మనకు తిండి పెట్టింది. దానికి మనం తీర్చుకోవాల్సిన రుణం ఉంది. మునగకుండా మిగిలిన ఫణిగిరిని కళ్లల్లో పెట్టుకుని కాపాడుకోవడమే ఆ రుణం తీర్చే దారి.

ఎరకసాని కట్టించిన గుడి

ఇక్ష్వాకుల తర్వాత గుట్ట మీద రద్దీ తగ్గింది. కొత్త రాజులు, కొత్త బాటలు, కొత్త మొక్కులు వచ్చాయి. మందిరాలు కట్టుకునే అలవాటు మాత్రం ఈ సీమ మానలేదు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల తర్వాత, సూర్యాపేటకు కూతవేటు దూరంలోని పిల్లలమర్రిలో అది మళ్లీ చిగురించింది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఇక్కడి నుంచి ఏలారు. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయం కట్టించాడు. బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో తన పేరిట ఎరకేశ్వరాలయం కట్టించింది.

ఎరకేశ్వరంలో మండపం స్తంభాలను దగ్గరగా చూడాలి. నల్లరాయిని గుండ్రంగా తిప్పి, అంచులు కోసి, అద్దంలా నునుపు తేల్చారు. ముఖం పెడితే ముఖం కనబడుతుంది. స్తంభం నడుమ నడుమ రాతిలోనే ముత్యాల పేటలు, గంటల వరుసలు, నాట్యకత్తెల బొమ్మలు. వేలి గోరంత సందులోనూ ఉలి దూరింది. శాంతిసిరి స్తూపానికీ ఎరకసాని శివాలయానికీ మధ్య దాదాపు వెయ్యేళ్లు గడిచాయి. మతం మారింది, రాయి మారింది, భాష ప్రాకృతం నుంచి తెలుగూ సంస్కృతాలకు వచ్చింది. ఈ నేల ఆడబిడ్డ తన పేరు మీద గుడి కట్టి, దానికి భూమి రాసిచ్చి, రాతి మీద సాక్ష్యం పెట్టడం మాత్రం మారలేదు.

కాకతీయుల కాలంలో గుడి అంటే గర్భగుడి ఒక్కటే కాదు. గుడితోపాటు చెరువు తవ్వేవారు. చెరువు కింద మాగాణి, మాగాణి మీద గుడి సేవకుల బతుకు. దాహం ఎక్కువైన నేలలో దేవుడు నీళ్లతోనే వస్తాడు. అందుకే పిల్లలమర్రి, నాగులపహాడ్ ఆలయాలను చూడబోయినవాళ్లు చెరువుగట్టు మీద కూడా కాసేపు నిలబడాలి. చెరువు లేకుంటే ఆ శిల్పం పుట్టేది కాదు.

మూసీ చేరుకునే చోట

మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా వెళితే వాడపల్లి. మూసీ అక్కడ కృష్ణలో కలుస్తుంది. సంగమం ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు కొలువై ఉన్నారు. ఇద్దరినీ అగస్త్యుడే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. వింధ్య దాటి దక్షిణానికి నడిచి వచ్చిన ఆ మహర్షి కూడా బాటసారే.

శివలింగం తలపై గుంటలో నీళ్లు ఎప్పుడూ ఇంకవని భక్తుల విశ్వాసం. దాని వెనుక ఓ కథ చెబుతారు. బోయవాడు తరుముతుంటే ఓ పక్షి పారిపోయి వచ్చి శివుడి శరణు కోరింది. నా ఆకలి సంగతేమిటని బోయవాడు అడిగాడు. నా తల మాంసం తీసుకో అన్నాడు స్వామి. బోయవాడి పది వేళ్ల గుర్తులు లింగంపై పడ్డాయి, గాయం కడగడానికి గంగ పొంగింది. శరణన్నవాణ్ణి విడిచిపెట్టకు, ఆకలన్నవాణ్ణి ఉత్తచేతులతో పంపకు అని చెప్పే కథ ఇది. తన శరీరాన్ని ఇచ్చి పావురాన్ని కాపాడిన శిబి కథ బౌద్ధ జాతకాల్లోనూ ఉంది, మన పురాణాల్లోనూ ఉంది. బాట పక్క దేవుడికి ఇంతకంటే తగిన కథ దొరకదు. నరసింహస్వామి గుడిలో రెండు దీపాలు వెలుగుతాయి. స్వామి ముఖానికి ఎదురుగా ఉన్న దీపం రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. స్వామి ఊపిరి తగిలి పైదీపం అలా కదులుతుందని భక్తులు చేతులు జోడిస్తారు.

ఈ సంగమానికి ఇవాళ ఓ కష్టం ఉంది. హైదరాబాద్ మురుగునూ ఫ్యాక్టరీల విషాన్నీ మోసుకుంటూ మూసీ ఇక్కడికి వస్తోంది. పుణ్యస్నానానికి వచ్చినవాళ్లు ఏ నీళ్లు తలపై చల్లుకుంటున్నారో నగరం ఆలోచించాలి. నదిని శుభ్రం చేయడమంటే నగరంలో ఒడ్డుకు అందాలు దిద్దడంతో తీరేది కాదు. చివరి ఊరిదాకా, వాడపల్లి రేవుదాకా నీరు తేటపడాలి.

ఇదే సీమలో పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గా ఉంది. జనవరిలో ఉర్సు జరిగితే గంధం ఊరేగింపుకు హిందువులూ ముస్లింలూ ఒకే తీరున కదులుతారు. సైదన్న అని పిలిచి మొక్కుతారు, బిడ్డలకు సైదులు అని పేరు పెట్టుకుంటారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. యాదవుల ఇలవేల్పు ఆయన. కేసారం నుంచి దేవరపెట్టె తరలివస్తుంది. భేరీలు మోగుతాయి, గజ్జెల లాగులు కట్టినవాళ్లు ‘ఓ లింగా.. ఓ లింగా’ అంటూ గట్టెక్కుతారు. లక్షల మంది వస్తారు. ఆ ఐదు రోజులూ జాతీయ రహదారి మీద వాహనాలనే పక్కదారి పట్టిస్తారు. లారీలూ బస్సులూ దేవుడి కోసం పక్కకు తప్పుకునే దృశ్యం చూస్తే, ఈ సీమలో బాటకూ భక్తికీ ఉన్న బంధం ఎంత పాతదో, ఎంత బతికి ఉందో తెలుస్తుంది.

న్యూయార్క్ చూసింది, మనం చూడాలి

2023 జూలై 21న న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ కళపై పెద్ద ప్రదర్శన తెరిచారు. నవంబరు దాకా నడిచింది. ఫణిగిరి శిల్పాలు సముద్రాలు దాటి వెళ్లి అక్కడ నిలబడ్డాయి. తర్వాత సియోల్ వెళ్లాయి. మన నేల మీద పుట్టిన బౌద్ధాన్ని అందుకున్న కొరియా ప్రజలు వాటిని చూశారు. 2021లో ‘మార్గ్’ సంస్థ నమన్ అహూజా సంపాదకత్వంలో ఫణిగిరిపై ప్రత్యేకంగా ఓ గ్రంథం వెలువరించింది. నాగార్జునసాగర్ ఒడ్డున 2022లో బుద్ధవనం తెరుచుకుంది. ప్రపంచం వంతు ప్రపంచం చేస్తోంది.

మన వంతు మిగిలి ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడుల పిల్లలు విహారయాత్రలంటే దూరపు ఊళ్లకు వెళుతున్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒక్కరోజు ఫణిగిరి మెట్లెక్కితే, ఇంకోరోజు ఎరకేశ్వరం స్తంభం ముందు నిలబడితే, మూడోరోజు వాడపల్లి సంగమం చూస్తే రెండువేల ఏళ్ల తెలంగాణ చరిత్ర వాడి కాళ్లకూ కళ్లకూ అందుతుంది. ఏ పుస్తకమూ ఆ పని చేయలేదు. గుట్ట కింది ఊళ్ల యువకులకు శిక్షణ ఇస్తే వాళ్లే మంచి మార్గదర్శకులవుతారు. వచ్చినవాళ్లకు నీళ్లు, నీడ, అర్థమయ్యే తెలుగులో బోర్డులు ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. కుండలో నాణేలు దొరికాయనగానే లంకెబిందెల ఆశ పుట్టేవాళ్లుంటారు. గుప్తనిధుల పేరిట రాత్రివేళ గుళ్లు తవ్వి, నందులను పెకిలించి, లింగాలను పగలగొట్టిన ఘటనలు తెలంగాణలో ఎన్నో జరిగాయి. ఫణిగిరి కుండలోని సీసాన్ని కరిగించి అమ్మితే వచ్చేది కూలిడబ్బులు. అది ఎక్కడ, ఎంత లోతున, దేని పక్కన ఉందో రాసుకుంటూ తీస్తేనే చరిత్ర చేతికొస్తుంది. పారతో ఒక్క వేటు వేస్తే ఆ చరిత్ర మళ్లీ పుట్టదు. ఊళ్లో ఎవరైనా పాత రాయి కదిలిస్తుంటే అడ్డుకోవాలి, తహశీల్దారుకో పోలీసులకో చెప్పాలి. గుడి గోడ మీద మేకుతో పేరు గీసే కుర్రాడి చేయి పట్టుకోవాలి. పెద్ద పనులు ప్రభుత్వానివి, ఈ చిన్న పనులు మనవి.

రాజవైద్యుడు తన సంపాదనలోంచి చక్రం నిలబెట్టాడు. శాంతిసిరి స్తూపాన్నీ, ఎరకసాని గుడినీ తమ పేరిట ఇచ్చారు. పేరు తెలియని వేలమంది సీసపు చిల్లర ఇచ్చారు. వాళ్లలో ఎవరికీ ఈ సీమ పరాయిది కాలేదు. బాటన పోతూ ఆగారు, ఆగినచోట తమ వంతు ఏదో ఒకటి పెట్టి కదిలారు. ఇప్పుడు ఆ బాట మీద తిరుగుతున్నది మనం. ఈసారి సూర్యాపేట దాటేటప్పుడు బండిని జనగామ రోడ్డు వైపు తిప్పండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. గుట్టెక్కి, ఆ రాళ్ల మీద ఉన్న పేర్లను వాళ్లకు చెప్పండి. మనం ఇవ్వగల కానుక అదే, ఇవ్వాల్సిన కాలమూ ఇదే.